అటక మీది ల్యాప్‌టాప్‌కు ఇంకెంత ఆయువు?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆ రోజు ఏ ల్యాప్‌టాపూ ఆగిపోలేదు. స్విచ్ నొక్కితే వెలిగింది, ఫైళ్లు తెరుచుకున్నాయి, సినిమా ఆడింది. భద్రతా లోపాలు బయటపడినప్పుడల్లా వాటిని పూడ్చే అప్‌డేట్లు మాత్రం ఆగాయి. విండోస్ 11కు మారదామంటే దాని షరతులు వేరు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, సెక్యూర్ బూట్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరందో ఆ తర్వాతదో అయి ఉండాలి. ఆ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు వచ్చిందే 2017 ఆగస్టులో. అంటే 2017 వేసవిలో ఇంజనీరింగ్‌లో చేరబోయే అమ్మాయికి కొత్తగా కొనిచ్చిన ల్యాప్‌టాప్ కూడా ఈ గీతకు బయటే ఉండిపోయింది. గీత దాటలేని కంప్యూటర్లు ప్రపంచం మొత్తం మీద 24 కోట్ల దాకా చెత్తలోకి వెళ్లవచ్చని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023 డిసెంబరులో అంచనా వేసింది.

మన ఇళ్లలో అలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకనక్కర్లేదు. బీటెక్ చదువుకు కొన్నది ఒకటి, 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం హడావుడిగా సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చింది ఒకటి, అమెరికా నుంచి వచ్చినప్పుడు అబ్బాయి వదిలి వెళ్లింది ఒకటి. ‘స్లో అయిపోయింది’ అన్న ఒక్క మాటతో అవన్నీ బీరువా మీదికో అటక మీదికో చేరాయి. షాపుకు తీసుకెళ్తే ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ వేసి ఇస్తారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, తర్వాత మళ్లీ మామూలే.

‘విండోస్ బదులు లినక్స్ వేసుకోండి, కొత్తదైపోతుంది’ అనే సలహా ఇప్పుడు చాలామంది నోట వినిపిస్తోంది. ఆ సలహాలో నిజం ఉంది. కానీ ఏ కాలం నాటి యంత్రానికి, ఎవరి పనికి, ఇంకేం మార్పులు చేస్తే అన్నది చెప్పకుండా ఇచ్చినప్పుడు అది కొందరికి మేలు చేసి చాలామందిని విసిగిస్తుంది. విసిగినవాళ్లు మళ్లీ ఆ వైపు చూడరు. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి పరిశీలించడం అవసరం.

నెమ్మది ఎక్కడిది?

చాలా పాత ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కు వచ్చిన నష్టమేమీ లేదు. పదేళ్ల కిందట ఎంత వేగంగా లెక్కలు చేసేదో ఇప్పుడూ అంతే వేగంగా చేస్తుంది. అసలు అడ్డంకి హార్డ్‌డిస్క్. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వచ్చిన హార్డ్‌డిస్కులు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. అంటే ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు, దానికి ముందు సూదిని మోసే చేయి అక్కడిదాకా జరగడానికి మరికొంత సమయం. ఇలా చెదురుమదురుగా ఉన్న ముక్కలను చదవాలంటే సెకనుకు వంద కూడా దాటదు. ఆపరేటింగ్ సిస్టమ్ లేచేటప్పుడు, బ్రౌజర్ తెరిచేటప్పుడు అడిగేవి సరిగ్గా అలాంటి వేల ముక్కలే. పంక్తిలో వందమంది కూర్చుంటే ఒక్కడే వడ్డిస్తున్నట్టు ఉంటుంది ఆ పరిస్థితి. పైగా అప్‌డేట్లు, యాంటీవైరస్, ఫైళ్ల ఇండెక్సింగ్ అన్నీ ఆ ఒక్కడినే పిలుస్తుంటాయి.

హార్డ్‌డిస్క్ తీసేసి అదే సైజులో దొరికే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ బిగిస్తే, సెకనుకు వంద లోపు ఉన్న ఆ సంఖ్య వేలల్లోకి వెళ్తుంది. ఇందులో కదిలే భాగాలే లేవు. పాత ల్యాప్‌టాప్‌లో డిస్కును బోర్డుకు కలిపే సాటా వేగం తక్కువ కదా, ఎస్‌ఎస్‌డీ దండగ కదా అని షాపుల్లో ఒక మాట వినిపిస్తుంది. అది సరికాదు. సాటా రెండో తరం సెకనుకు 300 మెగాబైట్ల దాకా మోయగలదు. రోజువారీ వాడకంలో మనకు తెలిసే తేడా ఆ గరిష్ఠ వేగంలో లేదు, చిన్న ముక్కలు వెంటవెంటనే అందడంలో ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అత్యంత ముఖ్యంగా కనిపించేది ఈ మార్పే. హార్డ్‌డిస్క్ అలాగే ఉంచి లినక్స్ ఒక్కటి వేస్తే కొంత మెరుగు. ఎస్‌ఎస్‌డీ కూడా పెడితే యంత్రం స్వభావమే మారుతుంది. డబ్బు ఒక్కదానికే ఉందంటే ముందు దీనికే పెట్టాలి.

తర్వాతది ర్యామ్. నాలుగు జీబీ ఉంటే గడుస్తుంది, ఎనిమిది ఉంటే హాయి. 2011 తర్వాతి కొన్నేళ్లలో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డీడీఆర్3 ర్యామ్ సరిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అడిగితే చాలు. డీడీఆర్3లో 1.5 వోల్టులది, 1.35 వోల్టులది అని రెండు రకాలున్నాయి. కొన్ని యంత్రాలు రెండోదాన్నే ఒప్పుకుంటాయి కాబట్టి ఉన్న ముక్కను విప్పి వెంట తీసుకెళ్లడం మేలు. డీడీఆర్2 యంత్రాలకు ర్యామ్ వెతకడం మాత్రం అంత లాభసాటి పని కాదు.

ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ గురించి షాపువాళ్లే చెబుతారు కాబట్టి ఇక్కడ విస్తరించను. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, దానికి ఏ ఆపరేటింగ్ సిస్టమూ మందు కాదు. బ్యాటరీ విషయంలో ఒక హెచ్చరిక. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, కింది మూత ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని వెంటనే తీసేయాలి. విడిగా వచ్చే బ్యాటరీ ఉన్న మోడల్ అయితే దాన్ని తీసి, ఛార్జర్ మీదే చాలాకాలం నడుపుకోవచ్చు.

ఏ కాలం నాటి యంత్రం?

ఇక్కడ నిర్మొహమాటంగా మాట్లాడాలి. 32 బిట్ యంత్రాల కాలం దాదాపు అయిపోయింది. పెంటియం ఎం ల్యాప్‌టాప్‌లు, 2006 మొదట్లో వచ్చిన కోర్ డుయో, 2008లో వరదలా వచ్చిన ఆటమ్ ఎన్270 నెట్‌బుక్‌లు ఈ కోవలోవి. ఎంత పాత యంత్రాన్నైనా ఆదుకుంటుందని పేరున్న డెబియన్ అనే లినక్స్ కూడా 2025 ఆగస్టు 9న విడుదల చేసిన 13వ వెర్షన్‌లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఉబుంటు ఆ పని 2017లోనే చేసింది. లినక్స్ మీద 32 బిట్ క్రోమ్ 2016లోనే ఆగింది. యాంటీఎక్స్ లాంటి ఒకటి రెండు ఇంకా 32 బిట్ వెర్షన్ ఇస్తున్నాయి. వాటితో యంత్రం లేస్తుంది, ఉత్తరం టైప్ చేసుకోవచ్చు, పాటలు వినవచ్చు. ఇవాళ్టి వెబ్‌సైట్లు తెరవాలంటే మాత్రం ఓపిక చాలదు. సరదాకి, నేర్చుకోవడానికి పర్వాలేదు. పిల్ల చదువుకు ఇద్దామనుకుంటే వద్దు.

తర్వాతి మెట్టు కోర్ 2 డుయో. 2006 రెండో సగం నుంచి సుమారు 2010 దాకా వచ్చిన ఈ యంత్రాలు 64 బిట్‌వి. ఎస్‌ఎస్‌డీ, నాలుగు జీబీ ర్యామ్ ఉంటే రాతపనికి, మెయిల్‌కు, సాధారణ బ్రౌజింగ్‌కు ఇప్పటికీ పనికొస్తాయి. వీడియో కాల్స్‌కు ఉక్కిరిబిక్కిరి అవుతాయి. దొడ్డిదారిన విండోస్ 11 వేద్దామన్నా వీటిలో కుదరదు. 2024 చివర్లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ అడిగే పాప్‌కౌంట్ అనే సూచన ఈ ప్రాసెసర్లలో లేదు. లినక్స్ లోకంలోనూ రెడ్ హ్యాట్ తన 9వ వెర్షన్ నుంచి ఈ తరాన్ని వదిలేసింది. డెబియన్ మాత్రం ఇంకా చేయి పట్టుకునే ఉంది.

నిజంగా బంగారంలాంటివి 2011 నుంచి 2017 మధ్య వచ్చినవి. ఇంటెల్ రెండో తరం నుంచి ఏడో తరం వరకు. ఆఫీసులు లీజు ముగిశాక అమ్మేసిన థింక్‌ప్యాడ్ టీ, ఎక్స్ శ్రేణులు, డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు ఈ కాలానివైతే చాలావరకు స్క్రూడ్రైవర్‌తో విప్పి ర్యామ్, డిస్కు మార్చుకోవచ్చు. కీబోర్డులు గట్టివి. లినక్స్ డెవలపర్లలో చాలామంది ఇవే వాడారు కాబట్టి వీటి భాగాలకు డ్రైవర్లు బాగా కుదిరి ఉంటాయి. ఈ తరం యంత్రాన్ని ‘పాతది’ అని పారేయడం నా దృష్టిలో దుబారా.

ఒక చిక్కు రకం ఉంది. 2016 ప్రాంతంలో పది వేల రూపాయల లోపు ధరకు వచ్చిన ఐబాల్ కాంప్‌బుక్, హైదరాబాద్ కంపెనీ ఆర్‌డీపీ వారి థిన్‌బుక్ లాంటివి. రెండు జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వ, రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి. విండోస్ పెద్ద అప్‌డేట్లకు వాటిలో చోటే సరిపోదు. లినక్స్ ఆ 32 జీబీలో సుఖంగా ఇముడుతుంది. కానీ ఆటమ్ ప్రాసెసర్ ఉన్న ఇలాంటి చౌక యంత్రాల్లో కొన్నింటికి ప్రాసెసర్ 64 బిట్, బూట్ చేసే ఫర్మ్‌వేర్ 32 బిట్. అన్ని ఇన్‌స్టాలర్లూ వాటిమీద లేవవు, డెబియన్ లేస్తుంది. సౌండ్, వైఫై దగ్గర పేచీలు రావచ్చు. కొత్తవాళ్లు వీటితో మొదలుపెట్టకపోవడం మంచిది.

ఏది వేయాలి?

లినక్స్ అంటే నిజానికి కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో రాసి అందరికీ ఇచ్చాడు. దానికి ముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు మిగతా పనిముట్లను సమకూర్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చదవచ్చు, మార్చి పంచవచ్చు అనే లైసెన్సు దాని పునాది. పాత యంత్రానికి ఈ లైసెన్సుతో సంబంధం ఏమిటని అనిపించవచ్చు. అసలు సంబంధం ఇక్కడే ఉంది. ఒక కంపెనీ తన అమ్మకాల కోసం గీత గీసినా, ఆ కోడ్‌ను పట్టుకుని పాత యంత్రాలకు కొనసాగించే హక్కు ఇంకొకరికి ఉంటుంది. డెబియన్, దాని మీద కట్టిన ఉబుంటు, ఆ రెండింటి మీద కట్టిన మరెన్నో ఇలా పుట్టినవే.

మొదటిసారి మారేవాళ్లకు నేను సూచించేది లినక్స్ మింట్. 2006లో మొదలైంది. 2024లో వచ్చిన మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, అంతా విండోస్ 7 చూసిన కళ్లకు అలవాటైన అమరిక. కనీసం రెండు జీబీ ర్యామ్, మంచిగా నడవాలంటే నాలుగు కావాలని వాళ్లే చెబుతారు. నాలుగు జీబీ మాత్రమే ఉంటే అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ ఎంచుకోవాలి. ఎనిమిది ఉంటే సినమన్. ఈ ఒక్క ఎంపికతో నూటికి తొంభై ఇళ్ల సమస్య తీరుతుందని నా నమ్మకం. ఏ డిస్ట్రో, అంటే ఏ రకం లినక్స్, గొప్పదనే చర్చల్లో వారాలు గడపడం అనవసరం.

ఇంకా తేలికైనది కావాలంటే లుబుంటు, ఎమ్‌ఎక్స్ లినక్స్, లేదా నేరుగా డెబియన్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ. కాస్త అనుభవం వచ్చినవాళ్లకు డెబియన్ నాకిష్టం. మార్పులు తక్కువ, స్థిరత్వం ఎక్కువ, వేసి వదిలేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. రెండు జీబీ దాటని యంత్రాలకు యాంటీఎక్స్, పప్పీ. పప్పీ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి హార్డ్‌డిస్క్ పాడైన యంత్రంలో కూడా పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది. పోతున్న డిస్కులోంచి ఫొటోలు బయటికి తీయడానికి ఇంతకంటే సులువైన సాధనం అరుదు. గూగుల్ 2022లో తెచ్చిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ కూడా పాత యంత్రాల కోసమే. డబ్బు కట్టనక్కర్లేదు గానీ గూగుల్ ఖాతా చుట్టూ తిరుగుతుంది, ఏ మోడల్‌కు ఎప్పటిదాకా మద్దతో మళ్లీ కంపెనీయే నిర్ణయిస్తుంది. ఒక కంపెనీ గీసిన గీత నుంచి తప్పించుకుని ఇంకో కంపెనీ గీత వెనక నిలబడటం నాకు రుచించదు.

వేసే పద్ధతి ఒకప్పుడంత కష్టం కాదు. ఐఎస్ఓ ఫైలు దించుకుని, దాని ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్య సరిచూసుకుని, రూఫస్‌తోనో ఎచర్‌తోనో పెన్‌డ్రైవ్‌లోకి రాయాలి. యంత్రం లేచేటప్పుడు లెనోవో, డెల్ అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకోవాలి. డిస్కులో ఏమీ మార్చకుండానే మొత్తం వ్యవస్థ పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. ఇన్‌స్టాల్ నొక్కడానికి ముందు ఒక గంట అలాగే వాడి చూడాలి. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, మూత మూసి తెరిస్తే లేస్తోందా, కెమెరా పనిచేస్తోందా అన్నవి అక్కడే తేలిపోతాయి. బ్యాకప్ సంగతి చెప్పనక్కర్లేదనుకోవద్దు. అన్నింటికంటే ముందు అదే. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. విండోస్, లినక్స్ రెండూ పక్కపక్కన ఉంచుకోవాలంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. లేకపోతే విండోస్ డ్రైవ్ లినక్స్‌కు చదవడానికే తప్ప రాయడానికి దొరకదు.

తగిలే రాళ్లు

వైఫై మొదటి రాయి. ఇంటెల్ కార్డులు బేషుగ్గా పనిచేస్తాయి. కొన్ని డెల్, హెచ్‌పీ మోడళ్లలో వచ్చిన పాత బ్రాడ్‌కామ్ కార్డులకు ఫర్మ్‌వేర్ విడిగా దించుకోవాలి, దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్‌కు వైఫై కావాలి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే ఆ ముడి విడిపోతుంది. డెబియన్ 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి చాలా ఫర్మ్‌వేర్లను ఇన్‌స్టాలర్‌లోనే పెట్టడంతో ఈ బాధ బాగా తగ్గింది. పాత ఎన్‌విడియా గ్రాఫిక్ చిప్‌లు రెండో రాయి. కంపెనీ వాటికి డ్రైవర్లు ఆపేసింది, స్వేచ్ఛా డ్రైవర్ నూవో నడిపిస్తుంది గానీ ఆటలకు చాలదు. ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే ఆలోచించనక్కర్లేదు.

యూట్యూబ్ ఎందుకు మొరాయిస్తుందో చాలామందికి తెలియదు. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో వీడియో పంపుతుంది. వీపీ9ను చిప్‌లోనే పూర్తిగా విప్పగలిగింది ఇంటెల్ ఏడో తరం నుంచి, ఏవీ1ను పదకొండో తరం నుంచి. అంతకు ముందువి ఆ పని అంతా ప్రాసెసర్‌తో చేయించి వేడెక్కుతాయి. హెచ్264 మాత్రమే అడిగేలా బ్రౌజర్‌లో చిన్న ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే ఆ భారం తగ్గుతుంది. ప్రకటనలు ఆపే యుబ్లాక్ ఆరిజిన్ ఇంకొకటి. నిజానికి ఇవాళ పాత యంత్రానికి పెద్ద బరువు ఆపరేటింగ్ సిస్టమ్ కంటే బ్రౌజరే. ఎంత తేలికైన లినక్స్ వేసినా, ఇరవై ట్యాబులు తెరిస్తే నాలుగు జీబీ నిండిపోతుంది.

ప్రింటర్ల విషయం మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాలి. జిరాక్స్ షాపుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో, స్కూలు ఆఫీసుల్లో ఎక్కడ చూసినా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 తనదైన క్యాప్ట్ అనే భాష మాట్లాడుతుంది. లినక్స్‌లో దాన్ని పనిచేయించడం ఇప్పటికీ తలనొప్పే. హెచ్‌పీ ప్రింటర్లకు ఆ కంపెనీయే ఇచ్చే హెచ్‌ప్లిప్ సాఫ్ట్‌వేర్ ఉంది, చాలావరకు వైరు తగిలిస్తే చాలు. ట్యాలీలో ఖాతాలు రాసే వ్యాపారి, వేలిముద్ర యంత్రం పెట్టుకుని సేవలు నడిపే కేంద్రం పూర్తిగా మారాలని నేను అనను. ఆ సాఫ్ట్‌వేర్లు విండోస్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఇంట్లో బ్యాంకు పని, రైలు టికెట్, ఆదాయపు పన్ను రిటర్ను, పిల్లల పాఠాలు, ఉత్తరాలు, లెక్కల పట్టికలు మాత్రం బ్రౌజర్‌తో, లిబ్రేఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌తో సాగిపోతాయి.

తెలుగు సంగతి

లినక్స్‌లో తెలుగు సరిగా రాదన్న మాట ఇంకా తిరుగుతోంది. అది పదిహేనేళ్ల కిందటి మాట. ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే ఇవాళ ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రేఆఫీస్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేస్తోంది. ఫోన్‌లో తెలుగు ఎంత బాగా కనిపిస్తుందో పాత ల్యాప్‌టాప్ మీద లినక్స్‌లోనూ అంతే బాగా కనిపిస్తుంది. ఫాంట్లకూ కొదవ లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన, రెడ్ హ్యాట్ ఇచ్చిన లోహిత్, గూగుల్ నోటో ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చిన రామభద్ర, మండలి, గిడుగు, గురజాడ, సురవరం, పొన్నాల వంటివి పుస్తకం పనికి కూడా నిలబడతాయి.

టైపింగ్‌లో లినక్స్ ఇచ్చే వెసులుబాటు నిజంగా గొప్పది. ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఎమ్17ఎన్ అనే జోడింపు పెడితే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్ లేఅవుట్లు ఒకేసారి వస్తాయి. తెలుగు డీటీపీ ఆపరేటర్లలో ఆపిల్ లేఅవుట్ మీద వేళ్లు స్థిరపడ్డవాళ్లు ఎందరో. ఆ వేళ్ల అలవాటు మార్చుకోకుండానే యూనికోడ్‌లో టైప్ చేయవచ్చు. ఇది తెలిసిన ఆపరేటర్లు తక్కువ కావడం బాధాకరం.

వాళ్లను ఆపేది కీబోర్డు కాదు, వెనక పోగుపడిన ఫైళ్లు. దశాబ్దాలుగా తెలుగు పుస్తకాలు, పత్రికలు, పెళ్లిపత్రికలు ‘అను’ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో లేవు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి. లిబ్రేఆఫీస్ 2015 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలుగుతోంది, కానీ ఆ ఫాంటు లేనిచోట కనిపించేది అర్థంకాని అక్షరాల గుంపే. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, మార్చాక ప్రూఫు చూడక తప్పదు. పేజీలు కూర్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చాక తెలుగు కూర్పు అందులోనూ సాధ్యమైంది. కొత్త పని అందులో మొదలుపెట్టవచ్చు. పాత పని కోసం మరికొన్నేళ్లు ఒక విండోస్ యంత్రం, ఇంటర్నెట్ తగిలించకుండా, పక్కన ఉండాల్సిందే. ప్రచురణకర్తలు ఆ యంత్రం పోయేలోగా పాత పుస్తకాలను యూనికోడ్‌లోకి తెచ్చుకోకపోతే రేపు ఆ ఫైళ్లు ఎవరికీ అక్కరకు రావు.

మెనూలు కూడా తెలుగులో చూపించే ప్రయత్నాలు జరిగాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చింది. చెన్నై సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌లో భారతీయ భాషలకు చోటిచ్చారు. మింట్, డెబియన్‌లలో తెలుగు అనువాదం ఇప్పటికీ అతుకులబొంతే, సగం తెలుగు, సగం ఇంగ్లిష్. అనువాదం చేయాలనుకునేవాళ్లకు తలుపు తెరిచే ఉంది. చేసేవాళ్లే కావాలి.

బడుల అనుభవం

ఈ దారిలో పెద్ద ఎత్తున నడిచి నిలిచింది కేరళ. అక్కడి ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు, ఇప్పుడు కైట్ అనే పేరుతో, ప్రభుత్వ బడుల కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడుపుతోంది. ఉబుంటు ఆధారంగా సొంత వెర్షన్ తయారుచేసుకుని, పాఠ్యపుస్తకాలు దానికి తగ్గట్టు రాసి, టీచర్లకు శిక్షణ ఇచ్చి, పదో తరగతి ఐటీ పరీక్ష కూడా అందులోనే పెట్టింది. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు ఇలా వేయడంతో మూడు వేల కోట్ల రూపాయలు మిగిలాయని కైట్ 2019లో లెక్క చెప్పింది. తమిళనాడు 2011 నుంచి విద్యార్థులకిచ్చిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చింది. కానీ పాఠంలో, పరీక్షలో చోటు లేకుండా డిస్కులో చోటు ఇచ్చినంత మాత్రాన అది పిల్లల చేతికి అలవాటు కాదు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ లైమక్స్ పేరుతో 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లను లినక్స్‌కు మార్చి, 2017లో మళ్లీ విండోస్ వైపు ఓటేసింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సాఫ్ట్‌వేర్ నాణ్యత కంటే శిక్షణ, పాఠ్యప్రణాళిక, పై స్థాయి పట్టుదల ఎక్కువ తేడా చూపించాయని తెలుస్తుంది.

మళ్లీ ఇంటి యంత్రం దగ్గరికి వస్తే, లినక్స్‌కు మారకుండా ఉండే దారులనూ చూడాలి కదా. వ్యక్తిగత వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 వరకు విండోస్ 10 భద్రతా అప్‌డేట్లను పొడిగించింది. ఊపిరి తీసుకోవడానికి ఒక సంవత్సరం, అంతే. తనిఖీలను తప్పించి విండోస్ 11 వేసే కిటుకులు ఉన్నాయి, రేపటి అప్‌డేట్ వాటిని ఎప్పుడు అడ్డుకుంటుందో చెప్పలేం. క్రాక్ చేసిన విండోస్ వేయించుకుని అందులో బ్యాంకు పాస్‌వర్డు కొట్టడం అన్నింటికంటే చెడ్డ దారి. షాపుల్లో అతి మామూలుగా జరుగుతున్నది మాత్రం అదే.

చెత్త మాట కూడా ఇందులో భాగమే. ఒక ల్యాప్‌టాప్ తన జీవితకాలంలో కలిగించే కర్బన ఉద్గారాల్లో ఎక్కువ వాటా వాడకంలో కాకుండా తయారీలోనే ఉంటుంది. కాబట్టి ఉన్నదాన్ని నాలుగేళ్లు ఎక్కువ వాడటమే పెద్ద పొదుపు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పెద్ద సంస్థలు తమ పాత పరికరాలను నమోదైన రీసైక్లర్లకో రిఫర్బిషర్లకో అప్పగించాలంటున్నాయి. బాగుచేసి తిరిగి వాడకంలోకి తెచ్చేవాళ్లను చట్టమే గుర్తించింది. అయినా మన కాలేజీల్లో, ఆఫీసుల్లో ఇంకా నడిచే యంత్రాలు తూకానికి పోతూనే ఉన్నాయి.

ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులకు, కంపెనీల ఐటీ విభాగాలకు, ప్రభుత్వ కార్యాలయాలకు నా విన్నపం ఇదే. వేలం వేసే ముందు ఒకసారి వేరుచేయండి. 2011 తర్వాతిది, 64 బిట్‌ది, తెర పగలనిది అయితే అందులోని డిస్కును పూర్తిగా తుడిచి, ఫార్మాట్ కొడితే డేటా పోదు కాబట్టి ష్రెడ్ లేదా ఎన్‌వైప్ లాంటి సాధనంతోనే తుడిచి, ఎస్‌ఎస్‌డీ పెట్టి, మింట్ వేసి దగ్గర్లోని హైస్కూలుకో గ్రంథాలయానికో ఇవ్వండి. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఉండదు. ఇంట్లో ఒకటి అటక మీద ఉన్నవాళ్లు ఈ ఆదివారం దాన్ని కిందికి దించి, బ్యాటరీ ఉబ్బిందేమో చూసుకుని, పెన్‌డ్రైవ్‌తో ఒక గంట నడిపి చూడండి.